జయరామ్ కేరళకు పోలేదు

శుక్రవారం నుంచి జయరామ్ కనిపించడం లేదు.

ఫోన్ స్విచాఫ్. కారు షెడ్డులోనే ఉంది. గుడియాత్తం బజారులో ఆయన్ని చూసినవాళ్ళు లేరు. కేరళకు వైద్యానికి వెళ్ళాడని భార్య శశికళ చెబుతోంది. కేరళలో ఏ ఊరు అని అడిగితే మాట మారుస్తోంది.

మంగళవారం ఉదయం ఏడు గంటలకే వేలూరు సత్తువాచారిలోని ఒక మేడమీది ఆఫీసుకు వచ్చి ఇదంతా చెప్పినవాడు జయరామ్ తమ్ముడు గుణశేఖర్. సిమెంటు వ్యాపారి. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు.

ఎదురుగా కూర్చున్నది అంబిక. ప్రైవేట్ డిటెక్టివ్. ఒకప్పుడు పోలీసు కానిస్టేబుల్. ఇప్పుడు ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్ళి ఎంక్వైరీలు. సిగరెట్ వాసనే గిట్టదని ప్రమాణం చేసే పెళ్ళికొడుకులు ఏ టీకొట్టు వెనక నిలబడి పొగ వదులుతారో ఆమెకు కంఠతా వచ్చు. హత్య అంటూ ఒక మనిషి మెట్లెక్కి రావడం ఇదే మొదలు.

"మా వదినే ఏదో చేసేసినాదమ్మా," అన్నాడు గుణశేఖర్.

"ఏం చేసింటుంది?"

"ఆ మాట నా నోటితో యాడ చెప్పేది?"

"చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుందన్నా?"

"చంపేసినాది."

అంబిక పెన్ను కింద పెట్టింది. "కారణం?"

"హోటలే కారణం. మా తాత కట్టిన ఇల్లు. మా నాయన కాలం వరకు లుంగీల యాపారం జరిగిన ఇల్లు. వదిన దాన్ని హోటల్ చేసినాది. నూలిల్లు అని పేరు పెట్టినాది. బాగానే నడస్తా ఉండాది, కాదనను. మా అన్నకు ఒళ్ళు బాగలేదు, షుగరు. ఈ ఏడు ఆపేద్దాం శశీ అంటా ఉన్నాడు. ఆమె వినలేదు."

"ఆపడానికి అంత కష్టమా?"

"ఏదో టూరిజం మేగజైనంట. సెలవుల్లో పోయి ఉండదగ్గ చిన్న హోటళ్ళని ఎంచుతారంట. వాళ్ళ జడ్జి ఈ వారం వస్తారంట. ఎవరని చెప్పరంట. సుమ్మా, ఊరికే గెస్టు మాదిరి వచ్చి, తిని, పండుకుని పోతారంట. ఆమెకు తిండీ నిద్రా అదే ఇప్పుడు."

"మీరు పోయి చూసినారా?"

"ఆదివారం పోయినాను. కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టినాది. మేడ మీదికి మాత్రం పోనీలేదు. సున్నం పని జరుగుతా ఉండాదంట. వెనకపక్క పరుపు కాలుస్తా ఉండారు." గుణశేఖర్ ముందుకు వంగాడు. "మంచి పరుపు ఎందుకు కాలుస్తారమ్మా? దాంట్లో నెత్తురు ఉంటేనే కదా కాలుస్తారు?"

అతను చెప్పింది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పోలీసులో ఉండగా ఇలాంటి మంటలను ఆమె చూసింది.

"కంప్లెయింట్ ఇచ్చినారా?"

"ఇంటి మర్యాద ఉండాదే! మధ్యాన్నం దాకా చూస్తాను. అప్పటికీ మా అన్న యాడ ఉండాడో తెలియకపోతే స్టేషనుకు పోతాను. తప్పకుండా, కండిప్పా పోతాను."

అంబిక లేచింది. మూల ఉన్న ట్రాలీ బ్యాగ్ తీసి రెండు చీరలు, ఒక లావుపాటి నోటుబుక్కు పడేసింది.

"ఎవరని చెప్పకుండా వచ్చే గెస్టు కోసం కదా మీ వదిన చూస్తా ఉండేది? ఆ గెస్టు మాదిరే పోయి వస్తానుండండి."

*

కాల్ టాక్సీ కాట్పాడి దాటి, కే.వి.కుప్పం దాటి, గుడియాత్తం చేరేసరికి ఎనిమిదిన్నర. చిత్తిరై నెల ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

నూలిల్లు నిజంగానే బాగుంది. ఈ మాట చెప్పకపోతే శశికళకు అన్యాయం చేసినట్టే. ఇంటి నడుమ ఆకాశం కనిపించే మండువా. చుట్టూ టేకు స్తంభాలు. ముఖం కనిపించేంత నున్నగా రుద్దిన ఎర్ర గచ్చు. గదులకు నంబర్లు లేవు. ఒక్కో గదికి ఒక్కో రకం లుంగీ గళ్ళ కర్టెన్లు, అవే దుప్పట్లు. నీలం గళ్ళ గది, పచ్చ గళ్ళ గది అనే పిలుస్తారు. తాళంచెవికి ప్లాస్టిక్ బిళ్ళ బదులు పాత మగ్గం నాడె వేలాడుతోంది. ఏసీ చప్పుడు లేదు. మందపాటి గోడలే చల్లదనం ఇస్తున్నాయి. నగరంలో వేగిపోయినవాళ్ళు ఇక్కడ రెండు రోజులు పడుకుంటే మళ్ళీ మనుషులవుతారు.

అంబిక వాకిట్లో అడుగు పెట్టగానే శశికళ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి. గంజి పెట్టిన కాటన్ చీర. నవ్వు మాత్రం అతికించినట్టుంది. ఆమె చూపు ట్రాలీ బ్యాగ్ మీదికి, అక్కణ్నుంచి నోటుబుక్కు మీదికి పోయింది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి. చేతిలో నోటుబుక్కు. ఇంకేం కావాలి?

"రండమ్మా, రండి! మంచి గది ఇస్తాను. పచ్చ గళ్ళ గది. మల్లెతీగ పక్కనే." కొబ్బరిబోండం వచ్చింది. తడి తువ్వాలు వచ్చింది. పెద్ద ఫ్యాన్ అంబిక వైపు తిరిగింది. మేనేజర్ దినకర్ బ్యాగ్‌ను గుళ్ళో దేవుణ్ని మోసినట్టు మోసుకుపోయాడు.

చెప్పులు విప్పుతూ అంబిక స్టాండు వైపు చూసింది. ఒక మూల మగవాళ్ళ చెప్పుల జత. మెత్తటి తోలు, లోపల స్పాంజి. షుగరు ఉన్నవాళ్ళకు కొలిచి కుట్టేవి. వాటిమీద సన్నగా దుమ్ము పట్టింది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని గుణశేఖర్‌కు ఫోన్ చేసింది.

"మీ అన్నకు చెప్పులు ఎన్ని జతలు?"

"ఒకటే. పేర్ణాంబట్టులో చెప్పి కుట్టించుకున్నాడు. పాదంలో పుండు ఉండాది. అవి లేకుండా వాకిలి దాటడు. ఎందుకమ్మా?"

"ఊరికే," అని పెట్టేసింది.

జయరామ్ కేరళకు పోలేదు. వీధి చివరి దాకా కూడా పోలేదు. ఉంటే ఈ ఇంట్లోనే ఉండాలి. ఏ స్థితిలో ఉన్నాడన్నదే ప్రశ్న.

*

టిఫిన్ మండువాలోనే. అరిటాకు మీద మెత్తటి ఇడ్లీలు, తెల్లటి కొబ్బరి చట్నీ, ఉడికించిన చిలగడదుంప. బల్లమీద అందమైన కార్డు: 'ఈ వారం నూలిల్లు ప్రత్యేకం. నూనె లేని పాతకాలపు వంటలు.' తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగు. బోర్డు మీద తెలుగు రాస్తే చదివేవాళ్ళే ఉండరు. తమిళనాడులోని ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు.

అంబిక చట్నీ నాలుక మీద వేసుకుంది. కమ్మగానే ఉంది. ఏదో వెలితి మాత్రం ఉంది.

పక్క బల్ల దగ్గర ఒక యువతి ఇడ్లీని వేలితో పొడుస్తూ కూర్చుంది. పొట్ట కొంచెం ఎత్తుగా ఉంది.

"మీరు ఇవాళే వచ్చారా?" అని తనే పలకరించింది. "నా పేరు పవిత్ర. బెంగళూరు. మేం ఆదివారం వచ్చాం. నాకు ఐదో నెల. ఒక్క దోసె వేసివ్వండి అని రెండు రోజులుగా అడుగుతున్నా. అన్నీ ఇస్తారు. దోసె మాత్రం ఇవ్వరు."

"ఏం చెబుతారు?"

"మెనూలో లేదంటారు. మా ఆయన బజారుకెళ్ళి పార్సిల్ తెచ్చారు. లోపలికి తీసుకురావద్దని గేటు దగ్గరే ఆపేశారు. బయట కారులో కూర్చుని తిన్నా."

అంబిక చెయ్యెత్తి పిలిచింది. శశికళ పరుగున వచ్చింది.

"ఒక దోసె వేసిస్తారా? ఎర్రగా. పక్కన రెండు వడలు."

శశికళ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతులు నలుపుకుంది. "అమ్మా, ఇంకేమైనా అడగండి. పనసపండు ఉండాది. పాలు ఉండాయి. వేడిగా ఆవిరి పుట్టు చేయిస్తాను. దోసె... ఈ వారం లేదమ్మా."

"ఒక్కటే కదా. నాకోసం."

"వద్దమ్మా. కోపం చేసుకోవద్దండి." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళిపోయింది.

ఒక దోసె కోసం ఏడ్చే హోటల్ ఓనరును అంబిక ఇంతవరకు చూడలేదు. అదీ, జడ్జి అని నమ్మిన మనిషి ముందు.

*

తొమ్మిదిన్నర. వెనక పెరడు.

బూడిద కుప్ప ఇంకా అక్కడే ఉంది. అంబిక పుల్లతో కెలికింది. కాలిన దూది. సగం కాలిన తలగడ గలేబు. ఒక లుంగీ అంచు. మగవాళ్ళ బనియన్ ముక్క. అడుగున నల్లబడిన వేపమండలు.

"మేడమ్?" వెనక దినకర్. ముప్పై ఏళ్ళ మనిషి. టై కట్టుకున్నాడు గాని చెమటకు అది మెడకు అతుక్కుంది.

"ఏం కాల్చినారు ఇక్కడ?"

"పాత పరుపు మేడమ్."

"ఎందుకు?"

"నల్లులు."

"నల్లులుంటే ఎండలో వేస్తారు. ఈ ఎండకు నల్లులేంది, మనుషులే చస్తారు."

"ఎక్కువైపోయినాయి మేడమ్."

"బనియన్లో కూడానా?"

దినకర్ టై సర్దుకున్నాడు.

"మేడ మీద ఏం పని జరుగుతా ఉండాది?"

"సున్నం పని. గోడలకు."

"మేస్త్రీ ఎవరు?"

"ఇవాళ రాలేదు."

"నిన్న?"

"నిన్న కూడా రాలేదు మేడమ్."

"సున్నం పని చేసే ఇంట్లో మెట్లమీద ఒక్క తెల్ల అడుగు లేదే. వాసన లేదు, ఇసుక లేదు. కొత్త పద్ధతా?"

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు దినకర్. "నల్లుల సంగతి మీ రిపోర్టులో రాయొద్దు. అమ్మ ప్రాణం పెట్టుకుంది ఈ హోటల్ మీద."

"సీసీ టీవీ ఫుటేజ్ చూడొచ్చా?"

"హార్డ్ డిస్క్ పోయినాది."

అన్నీ ఒకేసారి పోయాయి. యజమాని, మేస్త్రీ, హార్డ్ డిస్క్. అంబిక పుల్ల పారేసి వంటింటి వైపు నడిచింది.

*

వంటింటి గుమ్మంలో వంటమనిషి అంబుజం కూర్చుని అన్నం తింటోంది. డెబ్బైకి దగ్గరగా ఉంటుంది. జయరామ్‌ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషని గుణశేఖర్ చెప్పాడు. ముందు గిన్నెలో రాగిసంకటి, పప్పుచారు.

"తిను పెద్దమ్మా, లేవొద్దు." అంబిక పక్కనే గొంతుక్కూర్చుంది. "నాకూ కొంచెం పెడతావా? ఆ ఇడ్లీలు నాకు ఆనలేదు."

"అయ్యో, దానికేంది పాపా!" ముసలామె మొహం వికసించింది. ఆకు ముక్కమీద ఇంత సంకటి, పైన చారు పోసింది.

అంబిక నోట్లో పెట్టుకుంది. ఉప్పుంది. పులుపుంది. కారం ఉంది. చారు మీద ఒక్క ఆవగింజ తేలడం లేదు. కరివేపాకు లేదు. ఎండుమిరపకాయ లేదు. పైన నూనె మెరుపే లేదు.

ఆమె తలెత్తి చూసింది. పొయ్యి పక్కన పోపుల పెట్టె ఉండాల్సిన చోట గుండ్రటి జిడ్డు మరక ఉంది. పెట్టె పైన అటక మీద, గుడ్డలో చుట్టి ఉంది. దోసెపెనం గోడకు తిప్పి ఆనించారు. నూనె డబ్బా మూతికి కాగితం కట్టారు.

"తిరగవాత వేయలేదే పెద్దమ్మా?"

అంబుజం చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "అదేమో... గెస్టులకు నూనె లేని వంటలు కదా ఈ వారం."

"అది గెస్టులకు. ఇది నీ గిన్నె."

ముసలామె గిన్నె పక్కకు పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతసేపూ అంబిక ఒక శవం కోసం వెతుకుతోంది. ఇప్పుడు అంతకంటే తొందరపడాల్సిన సంగతి తెలిసింది. ఆకు కింద పెట్టి లేచేసరికి వాకిట్లో కేకలు వినిపించాయి.

*

గుణశేఖర్ మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాడు. మండువా మధ్యలో నిలబడి అరుస్తున్నాడు.

"మా అన్న యాడ? యాడ దాచిపెట్టినావు వదినా? మేడ మీద గోడలో పెట్టి పూసేసినావా? ఇప్పుడే పోలీసుల్ని పిలస్తాను!"

శశికళ స్తంభం పట్టుకుని నిలబడింది. దినకర్ అడ్డం వెళ్ళాడు. పవిత్ర, ఆమె భర్త గది తలుపు దగ్గర బిక్కచచ్చి చూస్తున్నారు.

"ఆగన్నా," అంది అంబిక. గొంతులో పాత కానిస్టేబుల్ పలికింది. గుణశేఖర్ ఆగిపోయాడు. "శశికళమ్మా, నేను మేగజైన్ మనిషిని కాను. డిటెక్టివ్‌ను. నన్ను పంపింది మీ మరిది."

శశికళ కళ్ళు పెద్దవయ్యాయి.

"నాకు రెండు నిమిషాలు చాలు. తర్వాత మనందరికీ చాలా పని ఉండాది. మొదట చెప్పులు. మీ ఆయన చెప్పులు స్టాండులోనే ఉండాయి. పుండు పడిన కాలితో ఆయన కేరళకు పోలేదు. రెండోది మంట. కాల్చింది గెస్టుల పరుపు కాదు. బనియన్, లుంగీ, తలగడ. ఒక మనిషి ఒంటికి తగిలినవన్నీ కాల్చినారు. గుణశేఖరన్నకు నెత్తురు గుర్తుకొచ్చినాది. నాకూ అదే అనిపించినాది. మూడోది మేడ. సున్నం లేదు, మేస్త్రీ లేడు. ఎవరూ పైకి పోకుండా చెప్పిన మాట అది."

"అయితే చంపినట్టే కదా!" అన్నాడు గుణశేఖర్.

"ఆదివారం ఈ ఇంట్లో ఇడ్లీ తిన్నారు కదన్నా. చట్నీ ఎట్ల ఉన్నింది?"

"చట్నీయా? ఇప్పుడదేంది?"

"చెప్పండి."

"చప్పగా ఉన్నింది. ఏదో నూనె లేని ఫ్యాషనంట. కార్డులో ఏసినారు కదా."

"మీరు ఈ ఊరి మనిషే. చట్నీ తిన్నారు, కార్డును నమ్మినారు. నేనూ పొద్దున నమ్మినాను. నన్ను జడ్జి అనుకుని ఆమె ఫ్యాన్ కూడా నావైపు తిప్పినాది. దోసె అడిగితే ఏడ్చినాది గాని పెనం పొయ్యి మీద పెట్టలేదు. కట్టుకున్న మనిషి కంటే ఎక్కువని మీరంటా ఉండే హోటల్ పోయినా సరే, పెట్టలేదు. బయటినుంచి తెచ్చిన దోసెను కూడా గేటు దాటనీలేదు. వంటమనిషి తన గిన్నెలో కూడా తిరగవాత వేసుకోలేదు. పోపుల పెట్టె అటకెక్కినాది. మన ఇండ్లల్లో పొయ్యి మీద నూనె కాగకూడని రోజులు ఎప్పుడు వస్తాయన్నా?"

గుణశేఖర్ గొణిగినట్టు అన్నాడు. "అమ్మ పోసినప్పుడు."

"అదే. చికెన్‌పాక్స్. ఇంట్లో ఒకరికి అమ్మ వచ్చుంటే తాళింపు వేయరు, వేయించరు, దోసె పోయరు. మరుగుతా ఉన్న నూనె అమ్మవారికి పడదని నమ్మకం. శశికళమ్మా, మీరు మరిదికి అబద్ధం చెప్పినారు. గెస్టులకు చెప్పినారు. కార్డు అచ్చు వేయించి మరీ చెప్పినారు. ఆ తల్లికి మాత్రం అబద్ధం చెప్పలేకపోయినారు. ఆయన మేడ మీద ఉండాడు. ప్రాణంతోనే ఉండాడు. అవునా?"

శశికళ స్తంభం పక్కనే కూలబడింది. "ఉండాడు," అంది. "రాత్రి నుంచి దగ్గు ఆగలేదు. ఊపిరి... ఊపిరి సరిగా అందడం లేదమ్మా."

గుణశేఖర్ అప్పటికే మెట్లమీద ఉన్నాడు.

"దినకర్, 108కి ఫోన్ చెయ్," అంది అంబిక. తర్వాత పవిత్ర వైపు తిరిగింది. "మీకు చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా?"

పవిత్ర చెయ్యి పొట్టమీదికి పోయింది. "తెలీదు. మా అమ్మను అడగాలి."

ఆ చెయ్యి శశికళ కూడా చూసింది. రెండు రోజులుగా ఆ పిల్లకు కొబ్బరిబోండాలు ఇస్తూ, అలసిపోయావా తల్లీ అని అడుగుతూ వచ్చింది. ఇప్పుడు ఆమె ముఖం చూడలేక తల దించుకుంది.

*

మేడ గది చల్లగా, చీకటిగా ఉంది. నేలమీద అరిటాకులు పరిచి, వాటిమీద జయరామ్‌ను పడుకోబెట్టారు. చుట్టూ వేపమండలు. ముఖమంతా, మెడంతా పొక్కులు. గుండె ఎగిరెగిరి పడుతోంది. ఒక్కో ఊపిరికీ పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"అన్నా!" గుణశేఖర్ మోకాళ్ళ మీద పడ్డాడు. పొద్దుటినుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

"దగ్గరికి రావొద్దురా," అన్నాడు జయరామ్. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు.

"చిన్నప్పుడు నాకు వచ్చిపోయింది లే. నిన్నెందుకు ఇట్ల దాచిపెట్టినారు? ఎవరు చెప్పినారు?"

జయరామ్ గుమ్మంలో నిలబడిన భార్య వైపు చూశాడు.

"నేనే వద్దన్నాను. ఆమెను ఏమీ అనొద్దు."

శశికళ కొంగుతో నోరు మూసుకుంది. అంబిక ఆ ఇద్దర్నీ చూసింది.

అంబులెన్స్ వచ్చేలోగా శశికళ కిందికి దిగింది. మండువా మధ్యకు వచ్చి, గదుల్లో ఉన్న గెస్టులందర్నీ పిలిచింది. "మా ఇంట్లో చికెన్‌పాక్స్ ఉండాది. నేను దాచిపెట్టినాను. అందరూ ఇప్పుడే బయలుదేరండి. డాక్టరుకు చూపించుకోండి," అని గట్టిగా చెప్పింది. కొందరు తిట్టారు. ఒకాయన వీడియో తీశాడు. శశికళ ముఖం తిప్పుకోలేదు. పవిత్రకు మాత్రం రెండు చేతులూ జోడించింది. పవిత్ర భర్త ఆమె వైపు చూడకుండా భార్యను కారెక్కించాడు.

ఎవరి బ్యాగులు వాళ్ళు లాక్కుంటూ వెళ్ళిపోయారు. స్ట్రెచర్ మెట్లు దిగేసరికి ఇల్లు ఖాళీ అయింది. శశికళ అంబులెన్స్ ఎక్కింది. తలుపు తాళం వేయడం ఆమెకు గుర్తే రాలేదు.

*

వేలూరులోని ఒక పెద్ద ఆసుపత్రి. ఐసీయూ బయట బెంచీ.

డాక్టర్ ఎవర్నీ విసుక్కోలేదు. అయినా ఆ మాటలు వినడానికి కష్టంగానే ఉన్నాయి. ఊపిరితిత్తులకు పాకింది. పెద్దవయసులో వస్తే ప్రమాదమే. షుగరు ఉంటే మరీను. పొక్కులు కనిపించిన రోజే తెచ్చి ఉంటే మాత్రలతో తగ్గేది.

"వదినా," అన్నాడు గుణశేఖర్. పొద్దున కంప్లెయింట్ ఇస్తానన్న మనిషి ఇప్పుడు ఆమె పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. "నోటికొచ్చినట్టు మాట్లాడినాను. మనసులో పెట్టుకోవద్దు. అమ్మకు భయపడి ఆసుపత్రికి తేలేదు నువ్వు. మన పెద్దోళ్ళు కూడా అట్లనే చేసినారు. నీ తప్పేముంది?"

శశికళ కాస్త సేపు అతని వైపు చూసింది. "ఆమా, అవును," అంది. "అమ్మకు భయపడే."

అంబిక గోడకు ఆనుకుని వింటోంది. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. కారణం చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది.

శుక్రవారం జయరామ్‌ను వార్డుకు మార్చారు. అంబిక చూడ్డానికి వెళ్ళింది. కేసు ముగిసింది. అయినా కాళ్ళు అటు లాగాయి. వార్డు గుమ్మంలోనే గుణశేఖర్ మంచి వార్త చెప్పాడు. పవిత్రకు చిన్నప్పుడే వచ్చిపోయిందని రక్తపరీక్షలో తేలిందట. తల్లికీ బిడ్డకూ భయం లేదట. అంబిక గట్టిగా ఊపిరి వదిలింది. ఆ మూడు రోజులూ ఆ పొట్టమీది చెయ్యే ఆమె కళ్ళముందు ఉంది.

జయరామ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం. పొక్కులు ఎండుతున్నాయి. శశికళ చెంచాతో గంజి తాగిస్తోంది. ఆమె చీరకు గంజి లేదు. జుట్టు దువ్వుకోలేదు. అయినా ముఖంలో వెలుగుంది. మనిషి బతికాడు. ఇంకేం కావాలి అన్నట్టుంది.

"గెస్టులు?" అని అడిగాడు జయరామ్. బాగా మాట్లాడగలగడం అదే మొదలు.

"ఎవరూ లేరు," అంది శశికళ. "అందర్నీ ఆ రోజే పంపించేసినాను. హోటల్ పోతే పోనీ. మీరు మళ్ళీ లేచి కూర్చున్నారు, నాకదే చాలు."

"గొడవ చేసినారా?"

"కొంచెం తిట్టినారు. అంతే. నేనే అనవసరంగా భయపడినాను. ఇంట్లో అమ్మ పోసుండాది, బయలుదేరండి అని ఒక్క మాట చెప్పినాను. అర్ధగంటలో అందరూ పోయినారు."

జయరామ్ చెంచాను మెల్లగా పక్కకు నెట్టాడు. భార్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదని అంబికకు అనిపించింది.

"శనివారం పొద్దున నీ చెయ్యి పట్టుకుని నేను అడిగింది, గెస్టులకు ఆ ఒక్క మాట చెప్పి నన్ను ఆసుపత్రికి తీసుకుపొమ్మనే కదా, శశీ?" అన్నాడు.

గుణశేఖర్ తలెత్తి వదిన వైపు చూశాడు. శశికళ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఎవరూ ఆమెను మళ్ళీ అడగలేదు.